డాక్‌టెస్ట్ సహాయక ఫంక్షన్లు: జీతాల లెక్కల కోడ్ మీద వాడాక నా అభిప్రాయం

ఫంక్షన్ వివరణలో (డాక్‌స్ట్రింగ్) రాసిన ఉదాహరణలు ఇంకా నిజమేనా అని పైథాన్ చేతే తేల్పించే పరికరం డాక్‌టెస్ట్. 1999లో టిమ్ పీటర్స్ రాశారు. 2001లో వచ్చిన పైథాన్ 2.1 నుంచి భాషతో పాటే వస్తోంది కాబట్టి విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే పని లేదు. పైథాన్ లైన్లను అప్పటికప్పుడు నడిపే ఇంటర్‌ప్రెటర్‌లో కనబడే మూడు కోణాల గుర్తు (>>>) పెట్టి ఒక లైను రాస్తాం, దాని కింద రావాల్సిన జవాబు రాస్తాం. డాక్‌టెస్ట్ ఆ లైన్ని నడిపి, వచ్చిన జవాబును మనం రాసినదానితో అక్షరం అక్షరం సరిచూస్తుంది.

డాక్‌టెస్ట్ మంచిదా, పైథాన్‌తోనే వచ్చే ఇంకో పరీక్షల పరికరం యూనిట్‌టెస్ట్ మంచిదా అనే వాదన జోలికి నేను పోను. నేను చెప్పాలనుకున్నది దాన్ని నడపడానికి ఇచ్చిన సహాయక ఫంక్షన్ల గురించి: టెస్ట్‌మాడ్, టెస్ట్‌ఫైల్, రన్_డాక్‌స్ట్రింగ్_ఎగ్జాంపుల్స్, డాక్‌టెస్ట్‌సూట్, టెస్ట్‌సోర్స్, డీబగ్. వీటిలో ఏది ఎప్పుడు నోరు విప్పుతుంది, ఏది ఎప్పుడు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది అన్నది తెలియకుండా వాడితే, ఉదాహరణలు పాడైపోయినా పచ్చ టిక్కు కనబడుతూనే ఉంటుంది. నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే.

నేను బెంగళూరులో, బెళ్లందూరు పక్కన ఒక కంపెనీలో జీతాల లెక్కలు చేసే కోడ్ చూసుకుంటాను. పే స్లిప్పులో పీటీ అని ఒక కోత ఉంటుంది కదా, వృత్తి పన్ను, అది రాష్ట్రానికో తీరు. కర్ణాటకలో ఒకప్పుడు నెల జీతం 15,000 ఉంటే చాలు, 200 కోసేవాళ్లు. 2023 ఏప్రిల్ నుంచి ఆ పరిమితిని 25,000కి పెంచారు. 2025లో మళ్లీ మార్చి, ఫిబ్రవరి నెలలో మాత్రం 300 చేశారు, ఏడాది మొత్తం 2,500 అయ్యేలా. ఆంధ్రాలో అయితే 15,000 దాటితే 150, 20,000 దాటితే 200. ఇలాంటి కోడ్‌లో ఫంక్షన్ వివరణే అందరికీ ఆధారం. ఫైనాన్స్ వాళ్లు కోడ్ చదవరు, ఆ వివరణలోని ఉదాహరణ చదువుతారు.

ఇంతకు ముందు నేను పనిచేసిన చోట 2023లో కోడ్ మార్చారు, వివరణ మార్చలేదు. 18,000 జీతానికి 200 కోత అని ఉదాహరణ అలాగే ఉండిపోయింది. కొత్తగా చేరిన వాళ్లు దాన్నే నమ్మి ఇంకో రిపోర్టులో ఆ లెక్క పెట్టారు. తక్కువ జీతం వాళ్ల దగ్గర కట్ అవ్వని డబ్బు కట్ అయినట్టు ఆ రిపోర్టు చూపించింది. ఎవరి జేబుకీ చిల్లు పడలేదు గానీ, హౌస్ కీపింగ్ వాళ్లు వచ్చి మా రెండొందలు ఎందుకు పోయాయని అడిగినప్పుడు జవాబు చెప్పడానికి సగం రోజు పట్టింది. ఉదాహరణను ఎవరైనా నడిపి ఉంటే ఒక్క క్షణంలో బయటపడేది.

ఆదివారాలు మారతహళ్లిలో పీజీలో ఉండే మన పిల్లలకు పైథాన్ చెబుతాను. పైథాన్ 3లో పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు కాబట్టి క్లాసులో నేను ఇలాగే రాస్తాను:

    >>> వృత్తి_పన్ను("కర్ణాటక", 18000)
    0
    >>> వృత్తి_పన్ను("కర్ణాటక", 40000)
    200
    >>> వృత్తి_పన్ను("కర్ణాటక", 40000, నెల=2)
    300
    >>> వృత్తి_పన్ను("ఆంధ్రప్రదేశ్", 18000)
    150

నాలుగు ఉదాహరణల్లో చట్టం తీరు కనబడుతోంది. ఇది వివరణ, ఇదే పరీక్ష. రేపు ప్రభుత్వం మళ్లీ మారిస్తే కోడ్ మార్చినవాళ్లు ఇది కూడా మార్చక తప్పదు. ఆ తప్పనిసరితనాన్ని తెచ్చేది మాత్రం డాక్‌టెస్ట్ కాదు, దాన్ని నడిపే సహాయక ఫంక్షన్‌ను మనం ఎలా కట్టుకున్నామన్నదే.

మొదట టెస్ట్‌మాడ్. అందరూ నేర్చుకునేది ఇదే. ఫైలు చివర మెయిన్ బ్లాకులో (ఫైలును నేరుగా నడిపితేనే నడిచే భాగం) డాక్‌టెస్ట్ ఇంపోర్ట్ చేసి టెస్ట్‌మాడ్‌ను పిలుస్తారు, అయిపోయింది. మాడ్యూల్ వివరణ, ఫంక్షన్లు, క్లాసులు, వాటి మెథడ్లు అన్నీ తిరిగి ఎక్కడ ఉదాహరణ ఉంటే అక్కడ నడుపుతుంది. ఒక్కో వివరణకు మాడ్యూల్‌లోని పేర్ల కాపీ ఒకటి విడిగా ఇస్తుంది కాబట్టి ఒక ఫంక్షన్ ఉదాహరణలో పెట్టిన పేరు ఇంకోదాంట్లోకి జారదు. ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం. ఏ ఉదాహరణ అయినా తన కాళ్ల మీద తానే నిలబడాలి.

అన్నీ సరిపోతే టెస్ట్‌మాడ్ ఒక్క ముక్క కూడా ప్రింట్ చేయదు. నంద్యాల నుంచి వచ్చిన ఒక అబ్బాయి మొదటిసారి నడిపి నా వైపు తిరిగి అడిగాడు:

"అక్కా, ఏమీ రాలేదే. పాసయినట్టా?"

"ఏమీ రాకపోతే పాసయినట్టని అనుకోకు నాయనా. అసలు ఏదైనా నడిచిందో లేదో చూడు ముందు. హైఫన్ వి పెట్టి మళ్లీ నడుపు."

హైఫన్ వి పెడితే ఒక్కో ఉదాహరణ, రావాల్సింది, వచ్చింది అన్నీ చూపించి చివర లెక్క చెబుతుంది. ఆ అబ్బాయి స్క్రీన్ మీద చివర సున్నా అని ఉంది. ఫంక్షన్ల మీద ఒక డెకరేటర్ (ఫంక్షన్‌ను ఇంకో ఫంక్షన్‌తో చుట్టేది) పెట్టాడు, ఆ డెకరేటర్‌లో అసలు వివరణను నిలిపి ఉంచే ఫంక్‌టూల్స్‌లోని ర్యాప్స్ వాడలేదు. దాంతో అసలు ఫంక్షన్ వివరణ మాయమైపోయింది, పరీక్షించడానికి ఏమీ మిగల్లేదు. టెస్ట్‌మాడ్ దృష్టిలో సున్నా పరీక్షలు, సున్నా వైఫల్యాలు, అంతా క్షేమం.

ఇలా సున్నా వచ్చే దారి ఇంకొకటి ఉంది. వేరే మాడ్యూల్ నుంచి ఇంపోర్ట్ చేసుకున్న ఫంక్షన్లను టెస్ట్‌మాడ్ వదిలేస్తుంది, అవి ఎక్కడ పుట్టాయో అక్కడే పరీక్షించాలన్న ఉద్దేశంతో. ఉద్దేశం సరైనదే. కానీ ప్యాకేజీ ఇనిట్ ఫైల్లో అన్నీ ఇంపోర్ట్ చేసిపెట్టి, ఆ ప్యాకేజీ మీద టెస్ట్‌మాడ్ నడిపి, అన్నీ పాసయ్యాయి అనుకునేవాళ్లను నేను చూశాను. ఒక్కటి కూడా నడవలేదు అక్కడ.

అంతకంటే పెద్ద చిక్కు ఎగ్జిట్ కోడ్ దగ్గర, అంటే ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఇచ్చే అంకె దగ్గర: సున్నా అయితే క్షేమం, ఇంకేదైనా అయితే తప్పు. టెస్ట్‌మాడ్ తప్పులు దొరికితే స్క్రీన్ నిండా ప్రింట్ చేస్తుంది, అయినా స్క్రిప్టు సున్నా కోడ్‌తోనే ముగుస్తుంది. మనిషి చూస్తే తెలుస్తుంది, కోడ్ మారినప్పుడల్లా పరీక్షలు నడిపే సీఐ సర్వర్‌కు తెలియదు. లాగ్‌లో తప్పులు బారులు తీరి ఉంటాయి, పైన బిల్డు మాత్రం పచ్చగా ఉంటుంది. టెస్ట్‌మాడ్ రెండు అంకెలున్న ఫలితాన్ని వెనక్కి ఇస్తుంది: ఫెయిల్డ్, అటెంప్టెడ్. ఎన్ని తప్పాయి, ఎన్ని నడిచాయి. ఆ ఫలితాన్ని పట్టుకుని, మొదటిది సున్నా కాకపోతే గానీ రెండోది సున్నా అయితే గానీ తప్పు కోడ్‌తో బయటికి రావాలని రాయండి. మూడు లైన్ల పని. మెయిన్ బ్లాకులో టెస్ట్‌మాడ్‌ను పిలిచి ఫలితాన్ని గాలికి వదిలేసే పద్ధతిని నేను ఏ కోడ్ రివ్యూలోనూ ఒప్పుకోను.

కమాండ్ లైన్ నుంచి పైథాన్ హైఫన్ ఎమ్ డాక్‌టెస్ట్ అని నడిపితే ఈ బాధలో సగం తగ్గుతుంది. తప్పు ఉంటే అది ఒకటితో బయటికి వస్తుంది. ఫైలు పేరు చివర పీవై ఉంటే టెస్ట్‌మాడ్‌లా, లేకపోతే టెస్ట్‌ఫైల్‌లా నడుస్తుంది. కాకపోతే ప్యాకేజీ లోపలి ఫైలును అలా ఇస్తే దాన్ని ఒంటరి ఫైలుగా ఇంపోర్ట్ చేస్తుంది, పక్క ఫైళ్లను రెలటివ్‌గా ఇంపోర్ట్ చేసుకునే కోడ్ అక్కడే ఆగిపోతుంది. చిన్న స్క్రిప్టులకు బాగుంది, పెద్ద ప్రాజెక్టుకు కాదు. మొత్తం మీద టెస్ట్‌మాడ్‌కు నేను ఐదుకు మూడున్నర ఇస్తాను. ఫలితం పట్టుకునేవాళ్ల చేతిలో అది నాలుగున్నర.

ఇక నాకు ప్రాణమైనది టెస్ట్‌ఫైల్. దీన్ని వాడేవాళ్లు తక్కువ, ఎందుకో అర్థం కాదు. ఇది పైథాన్ 2.4లో వచ్చింది. ఒక మామూలు టెక్స్ట్ ఫైలు ఇస్తే, అందులో మూడు కోణాల గుర్తు ఉన్న చోటల్లా నడుపుతూ పోతుంది. మిగతా రాతను ముట్టుకోదు. ఆ ఫైలు మొత్తం ఒకే పరీక్ష, అంటే పైన పెట్టిన పేరు కింద పనిచేస్తుంది. దాంతో పాఠం పాఠంలా రాయొచ్చు. మా ఆదివారం క్లాసు నోట్సన్నీ ఇలాంటి ఫైళ్లే. తెలుగులో రెండు పేరాలు వివరణ, తర్వాత ఉదాహరణ, మళ్లీ తెలుగు. రూపాయల అంకెలను మన పద్ధతిలో కామాలు పెట్టి చూపించే ఫంక్షన్ పాఠం ఇలా ఉంటుంది:

    పైథాన్ కామాలు మూడేసి అంకెలకు పెడుతుంది. మనకు లక్షలు, కోట్లు కావాలి.

    >>> రూపాయలు(999)
    '₹999'
    >>> రూపాయలు(1234567)
    '₹12,34,567'

    చివరి మూడు అంకెలు విడిగా, మిగతావి రెండేసి.

నేను ఫంక్షన్ మారిస్తే నోట్సు నడుపుతాను. నోట్సులో అబద్ధం ఉంటే పిల్లల చేతికి వెళ్లకముందే తెలిసిపోతుంది. ఆఫీసులో ఫైనాన్స్ వాళ్లకు ఇచ్చే మార్గదర్శినిని కూడా ఇప్పుడు ఇలాగే పెట్టించాను. వాళ్లు చదివే కాగితమే మేం నడిపే పరీక్ష.

టెస్ట్‌ఫైల్‌లో ఫైలు దారి మామూలుగా పిలిచిన మాడ్యూల్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్క. ఏ ఫోల్డర్ నుంచి నడిపినా పనిచేస్తుంది, విండోస్ అయినా లినక్స్ అయినా ముందుకు వాలిన గీతతోనే రాయాలి. తెలుగు ఫైళ్లకు ఎన్‌కోడింగ్ అనే ఆర్గ్యుమెంట్ ఉంది, అందులో యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాసేయండి, చదివేవాళ్లకూ తెలుస్తుంది. ఇంకొక జాగ్రత్త: జవాబు కింద ఒక ఖాళీ లైను వదలకుండా తెలుగు వాక్యం మొదలుపెడితే ఆ వాక్యాన్ని కూడా రావాల్సిన జవాబులో భాగమనుకుంటుంది. మా క్లాసులో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. జవాబులోనే ఖాళీ లైను ఉంటే దానికి బ్లాంక్‌లైన్ అనే గుర్తు కోణపు బ్రాకెట్లలో పెట్టాలి.

తెలుగు జవాబులు రాసేవాళ్లకు విడిగా ఒక మాట. మన లిపిలో పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే ఒక అదృశ్య అక్షరం ఉంది, యూనికోడ్‌లో జడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి, కొన్ని పెట్టవు. ఫంక్షన్ ఇచ్చిన మాటలో అది ఉండి, మనం రాసిన జవాబులో లేకపోతే డాక్‌టెస్ట్ తప్పంటుంది. స్క్రీన్ మీద ఎక్స్‌పెక్టెడ్, గాట్ రెండూ కవల పిల్లల్లా ఒకేలా కనబడతాయి. దీనికి రెండు మార్గాలు. ఒకటి, ప్రింట్ చేయకుండా విలువను నేరుగా వదిలేయడం. అప్పుడు పైథాన్ కోట్స్ మధ్య చూపించే రూపంలో ఆ అదృశ్య అక్షరం కోడ్ నంబరుగా బయటపడుతుంది. రెండోది, రిపోర్ట్_ఎన్‌డిఫ్ అనే ఫ్లాగ్, అంటే డాక్‌టెస్ట్ తీరును మార్చే ఒక సెట్టింగు. అది తేడా ఉన్న చోటు కింద గుర్తు పెట్టి చూపిస్తుంది. టెస్ట్‌మాడ్, టెస్ట్‌ఫైల్ రెండింటికీ ఈ ఫ్లాగులను ఆప్షన్‌ఫ్లాగ్స్ ద్వారా ఇవ్వొచ్చు.

ఫ్లాగుల మాట వచ్చింది కాబట్టి ఎలిప్సిస్ గురించి గట్టిగా చెప్పాలి. మూడు చుక్కలు పెడితే ఆ చోట ఏమున్నా ఒప్పుకుంటుంది. మెమరీ అడ్రసులు, తేదీలు వచ్చే చోట అది కావాలి. కానీ ప్రాజెక్టు మొత్తానికి దాన్ని తెరిచిపెట్టి, జవాబులో సగం చుక్కలతో నింపితే ఆ ఉదాహరణ ఏదీ చెప్పదు, ఏదీ పరీక్షించదు. అవసరమైన లైను పక్కన మాత్రమే డైరెక్టివ్‌గా, అంటే ఆ లైను చివరి కామెంటులో, రాయండి. సెట్లు వస్తే చుక్కలు కాదు, సార్టెడ్ వాడండి. స్ట్రింగుల హాష్ నడిపిన ప్రతిసారీ మారేలా పైథాన్ 3.3 నుంచి ఉంది కాబట్టి సెట్ వరస నమ్మడానికి లేదు. డిక్షనరీలకు 3.7 నుంచి పెట్టిన వరసే ఉంటుందని భాషే హామీ ఇస్తోంది, వాటికి ఇబ్బంది లేదు.

రన్_డాక్‌స్ట్రింగ్_ఎగ్జాంపుల్స్ పేరు పెద్దది, పని చిన్నది. ఒక్క ఫంక్షన్ వివరణను మాత్రం నడపాలంటే ఇది. జూపిటర్ నోట్‌బుక్‌లో ఇప్పుడే రాసిన ఫంక్షన్‌ను అక్కడికక్కడే చూసుకోవడానికి బాగుంటుంది. పేర్ల పట్టికను, అంటే గ్లోబల్స్‌ను, మనమే చేతికివ్వాలి. క్లాసు ఇస్తే క్లాసు వివరణ మాత్రం చూస్తుంది, మెథడ్లలోకి దిగదు. పాసయితే మౌనం, తప్పితే ప్రింటు, వెనక్కి ఇచ్చేది ఏమీ లేదు. లెక్క ఇవ్వని ఫంక్షన్‌ను సీఐలో పెట్టడానికి వీల్లేదు. రాసుకునేటప్పటి తోడుగా చూస్తే మంచిదే.

డాక్‌టెస్ట్‌సూట్, డాక్‌ఫైల్‌సూట్ యూనిట్‌టెస్ట్ వాడే ఇళ్లకు. లోడ్_టెస్ట్స్ అనే ఫంక్షన్‌లో వీటిని కలిపితే వివరణలోని ఉదాహరణలు మామూలు టెస్టుల వరసలో చేరిపోతాయి, తప్పితే మొత్తం రన్ తప్పుతుంది. ముందు సిద్ధం చేయాల్సినవి, తర్వాత తుడిచేయాల్సినవి ఉంటే సెటప్, టియర్‌డౌన్ ఇవ్వొచ్చు. కానీ ఒక మార్పు గుర్తుంచుకోండి: వివరణలే లేని మాడ్యూల్ ఇస్తే డాక్‌టెస్ట్‌సూట్ మునుపు ఎర్రర్ ఇచ్చేది, పైథాన్ 3.5 నుంచి ఖాళీ సూట్ ఇచ్చి ఊరుకుంటుంది. వాడుకకు అది సుఖం. నాకైతే ఆ పాత ఎర్రరే మేలనిపిస్తుంది. పైథాన్ 3.12 నుంచి యూనిట్‌టెస్ట్‌లో ఒక్క టెస్టూ నడవకపోతే ఎగ్జిట్ కోడ్ 5 వస్తుంది, కొంత ఊరట.

ప్రాజెక్టులో ఇప్పటికే పైటెస్ట్ (విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే పరీక్షల పరికరం) ఉంటే డాక్‌టెస్ట్ సొంత ఫంక్షన్లతో కుస్తీ పట్టక్కర్లేదు. డాక్‌టెస్ట్-మాడ్యూల్స్ అనే ఆప్షన్ ఇస్తే చాలు, ప్యాకేజీ లోపలి ఫైళ్లనూ సరిగ్గా ఇంపోర్ట్ చేసి, ఒక్కో వివరణనూ విడి టెస్టుగా చూపిస్తుంది. టెక్స్ట్ ఫైళ్లకు డాక్‌టెస్ట్-గ్లోబ్ ఉంది. అన్ని ఉదాహరణలకూ కావలసిన పేర్లను డాక్‌టెస్ట్_నేమ్‌స్పేస్ ఫిక్స్‌చర్‌లో ఒక్కచోట పెట్టుకోవచ్చు. జీతాల వాళ్లకు అన్నిటికంటే పనికొచ్చేది నంబర్ అనే ఫ్లాగు. 0.1, 0.2 కలిపితే పైథాన్ 0.30000000000000004 అంటుంది కదా, ఈ ఫ్లాగు పెడితే మనం జవాబులో ఎన్ని దశాంశాలు రాశామో అంతవరకే పోల్చుతుంది. వివరణలో 0.3 అని మనిషిలా రాసుకోవచ్చు. అసలు డబ్బు లెక్కకు ఫ్లోట్ వద్దు, డెసిమల్ వాడాలన్నది వేరే సంగతి. సగటులు, శాతాలు చూపించే చోట ఇది కావాలి. ఒక్క టెస్టూ దొరకకపోతే పైటెస్ట్ కూడా 5 కోడ్ ఇస్తుంది. అయితే పక్కన మామూలు టెస్టులు వంద ఉంటే డాక్‌టెస్టులు సున్నా అయినా ఆ హెచ్చరిక రాదు. అందుకే మా దగ్గర డాక్‌టెస్టులను సీఐలో విడి మెట్టుగా నడుపుతాం.

టెస్ట్‌సోర్స్, డీబగ్ రెండింటినీ ఎవరూ పట్టించుకోరు గానీ తప్పు వెతికేటప్పుడు చేతికి అందేవి ఇవే. టెస్ట్‌సోర్స్‌కు మాడ్యూల్, ఫంక్షన్ పేరు ఇస్తే వివరణను మామూలు స్క్రిప్టుగా మార్చి ఇస్తుంది. ఉదాహరణలు కోడ్ అవుతాయి, మన రాత, రావాల్సిన జవాబులు కామెంట్లు అవుతాయి. డీబగ్ ఆ స్క్రిప్టునే పీడీబీ (పైథాన్ సొంత డీబగ్గర్) కింద నడుపుతుంది, లైను లైనుగా దిగొచ్చు. ఒక పొడవైన ఉదాహరణలో ఏడో లైను తప్పితే పైనుంచి చేత్తో కాపీ చేసుకునే బదులు ఇది చాలా మేలు. టెస్ట్‌మాడ్‌కు రైజ్_ఆన్_ఎర్రర్ ఇస్తే మొదటి తప్పు దగ్గరే నిజమైన ఎర్రర్ లేస్తుంది, అది కూడా ఈ పనికే.

వెర్షన్ ఎంచుకునే వీలుంటే 3.13 గానీ ఆ తర్వాతది గానీ తీసుకోండి. టెర్మినల్‌లో ఫలితాలు రంగుల్లో వస్తాయి, అది కంటికి హాయి. అంతకంటే నాకు నచ్చింది, ఫలితంలో ఫెయిల్డ్, అటెంప్టెడ్ పక్కన స్కిప్డ్ అనే మూడో లెక్క చేరడం. ఉదాహరణ పక్కన స్కిప్ అని డైరెక్టివ్ రాస్తే అది నడవదు. తొందరలో ఉన్న రోజు అలా రాసి, తర్వాత సరిచేద్దామని వదిలేసినవి ఏ ప్రాజెక్టులోనైనా ఉంటాయి. ఇప్పుడు అవి ఎన్ని ఉన్నాయో బిల్డు లాగ్‌లోనే ప్రింట్ చేయిస్తున్నాం. ఆ అంకె పెరిగిందంటే సోమవారం మీటింగ్‌లో మొదటి ప్రశ్న దాని గురించే.